వందన సమర్పణ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ వందన సమర్పణ గారికి, విశాఖపట్నం మల్కాపురం నుంచి ఒక అంగన్‌వాడీ కార్యకర్త నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో సదస్సయినా, గాంధీ విగ్రహం దగ్గర ధర్నా అయినా, అన్ని సంఘాలూ కలిసి వేసే కరపత్రంలో అధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, ప్రధాన వక్త అనే పెద్దలందరూ అయిపోయాక, అట్టడుగున తమరి పక్కన ఒక స్త్రీ పేరు కనిపిస్తుంది. ఎక్కువసార్లు ఆ పేరు నాదే. అది అచ్చయిందంటే ఆ ఏటికి స్త్రీ పురుష సమానత్వం సాధించినట్టే లెక్క. నేను మైకు అందుకునే వేళకు నాయకులు మరో సభకు బయలుదేరి ఉంటారు, కుర్రాళ్లు కుర్చీలు ఒకదానిలో ఒకటి పేరుస్తూ ఉంటారు. ఫొటో కోసం ముందు వరుసల్లో కూర్చోబెట్టిన, హార్బరులో రొయ్యలు ఒలిచే అక్కలు ఆటో కోసం లేచిపోతారు. ఇన్నేళ్లుగా షామియానా యజమానికి కృతజ్ఞతలు చెబుతున్నందుకు ఆయన నా పేరు అడిగి తెలుసుకున్నారు. కార్యదర్శి గారికి మాత్రం నేను ఇప్పటికీ 'టీచరమ్మ'నే.

2023 డిసెంబరు 12న మొదలుపెట్టి 42 రోజులు సమ్మె చేశాం. జీతం అనకుండా గౌరవ వేతనం అంటారు కనుక గౌరవానికి మాకు ఎన్నడూ లోటు లేదు, అడిగింది వేతనమే. మధ్యలో సమ్మెలను నిషేధించే ఎస్మా చట్టం ప్రయోగించినా శిబిరం ఎత్తలేదు. అన్ని రోజులు ఉపన్యాసాలు, పాటలు, నినాదాలు తామే నడిపిన ఆడవాళ్లకు ఉమ్మడి సభలో రెండు నిమిషాల తమరి సన్నిధే దక్కింది. కమిటీ సమావేశాలంటారా, అవి రాత్రి ఎనిమిది దాటాక జరుగుతాయి. మహిళలు హాజరు కావడం లేదని మినిట్సులో విచారం మాత్రం తప్పకుండా నమోదవుతుంది.

ఇది మన ఊరి అలవాటే అనుకోనక్కరలేదు. అహ్మదాబాదు జౌళి కార్మిక సంఘాన్ని 1920లో నిలబెట్టినవారిలో అనసూయా సారాభాయి ఒకరు. ఆ సంఘం నీడలోనే 1972లో ఇలా భట్ అనే నాయకురాలు అసంఘటిత రంగంలోని స్త్రీలతో 'సేవా' సంఘాన్ని కూడగడితే, 1981లో ఆ పెద్ద సంఘమే దాన్ని బయటికి పంపేసింది. పంపేటప్పుడు తమరిని పిలిచారో లేదో!

ఈసారి మేడే కరపత్రం అచ్చుకు పోకముందే ప్రెస్సుకు వెళ్లి, తమరి పక్కన కార్యదర్శి గారి పేరు, ప్రధాన వక్త పక్కన నా పేరు పెట్టించాను. ఆయన తమరికి కొత్త. షామియానా యజమాని పేరు ఆయనకు తెలియదు. సమయానికి తమరే అందించగలరు.

ఇట్లు,
తమరి చిరకాల సహచరి