ఎండ్ లింక్‌కి ఎందుకంత మర్యాద?

రేసు ట్రాక్ మీద నడిపే కారు ఖర్చులకి ఒక వరస ఉంది. ముందు టైర్లు, తర్వాత కాయిలోవర్లు (స్ప్రింగూ డ్యాంపరూ కలిసిన సెట్లు), ఆపైన లావుపాటి స్వే బార్ (రెండు పక్కల చక్రాలనీ కలుపుతూ, మలుపుల్లో కారు ఒరగడాన్ని తగ్గించే కడ్డీ), మిగిలినదాంతో స్టిక్కర్లు. ఆ బార్ కొసని చక్రం దగ్గరి సస్పెన్షన్ భాగాలైన స్ట్రట్‌కో కంట్రోల్ ఆర్మ్‌కో కలిపే జానెడు కడ్డీ, అదే ఎండ్ లింక్, ఈ వరసలో ఎక్కడా కనపడదు. కనపడకూడదు కూడా. అది బానెట్ ఎత్తితే కనిపించదు, ఫొటోలో పడదు. అలాంటిదాన్ని పట్టించుకోమని ఈ మధ్య కొందరు ఛాదస్తులు బయల్దేరారు. వాళ్ళ నుంచి మన ఆచారాన్ని కాపాడుకోవాల్సిన సమయం వచ్చింది.

22 మిల్లీమీటర్ల బార్ తీసి 24 వేశామని పదిమందికీ చెప్పుకుంటాం. బార్ బిగువు వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది కాబట్టి, మిగతావేవీ మారకపోతే, ఆ రెండు మిల్లీమీటర్లకే బిగువు సుమారు 42 శాతం ఎక్కువవుతుంది. ఆ అదనపు బలమంతా చక్రానికి చేరేది ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఆ సన్నపాటి పాత లింక్ మీదుగానే. దాని అభిప్రాయం ఎవరూ అడగలేదు, సరే.

ఇక బిగింపు. మనవాళ్ళకి ఆమోదమైన పనిముట్టు ఒక్కటే: నట్లని దడదడా కొట్టి తిప్పే ఇంపాక్ట్ గన్. ట్రిగ్గర్ నొక్కగానే నట్‌తో పాటు బాల్ స్టడ్ (లింక్ కొసనున్న గుండు కీలు తాలూకు మరమేకు) కూడా గిర్రున తిరుగుతుంది. దాంతో ఆ కీలుకి తొడిగిన రబ్బరు బూట్ మెలిపడి చిరుగుతుంది, గ్రీజు బయటికొస్తుంది, ఇసుక లోపలికెళ్తుంది. పని మాత్రం నాలుగు సెకన్లలో అయిపోతుంది. ఛాదస్తులైతే స్టడ్ కొసనున్న గుంటలో అలెన్ కీ పెట్టి పట్టుకుని, రింగ్ స్పానర్‌తో నట్ తిప్పుతారు. గుంట లేకపోతే బూట్ పక్కనున్న చదును అంచుల మీద పల్చటి స్పానర్ వేస్తారు. పైగా కారు మాన్యువల్ తెరిచి, అందులోని అంకెకి టార్క్ రెంచ్ (బిగింపు బలాన్ని కొలిచే స్పానర్) పెడతారు. నైలాక్ నట్ (వదులవకుండా లోపల నైలాన్ రింగు ఉండేది) ఒకసారి విప్పితే పారేసి కొత్తది వేస్తారు. ఇంత దుబారా మనుషులు!

లింక్ బోల్ట్ రంధ్రంలో దూరడం లేదా? కారు ఒక పక్కే జాకీ మీద ఉండి ఉంటుంది. ఒక చక్రం వేలాడుతూ రెండోది నేల మీద ఉంటే బార్ మెలిపడుతుంది, రంధ్రాలు కలవవు. రెండు పక్కలా జాక్ స్టాండ్లు పెట్టినా, రెండు చక్రాలనూ ర్యాంపుల మీదికి ఎక్కించినా బోల్ట్ వేలితో తోస్తే వెళ్తుంది. కానీ సుత్తి ఉండగా అంత ఆలోచన ఎందుకు?

అసలు వినోదమంతా పొడవు మార్చుకునే లింకుల దగ్గర ఉంది. కారు ఎత్తు తగ్గించాక పాత పొడవు కుదరదని వీటిని కొంటాం. కొని, కంటికి ఆనిన పొడవులో బిగించేస్తాం. ఛాదస్తులు చేసే తతంగం చూడండి: చదునైన నేల మీద కారు నిలబెట్టి, టైర్లలో గాలి సరిచేసి, స్టీరింగ్ నిటారుగా ఉంచి, డ్రైవర్ సీట్లో డ్రైవరంత బరువు పెడతారు. ఒక వైపు లింక్ బిగిస్తారు. రెండో వైపు లింక్‌ని సాగదీస్తూ కుదిస్తూ, బోల్ట్ తనంతట తాను జారి దూరేవరకు తిప్పుతారు. దీనివల్ల బార్‌లో ప్రీలోడ్, అంటే కారు నిలబడి ఉన్నప్పుడే ఉండిపోయే మెలి, లేకుండా పోతుంది. ప్రీలోడ్ మిగిలి ఉంటే నాలుగు చక్రాల మీద పడే బరువులు మారిపోయి, ఎడమ మలుపులో ఒక కారు, కుడి మలుపులో ఇంకో కారు అవుతుంది. ఒక్క ధరకి రెండు కార్లు వస్తుంటే కాదనేవాళ్ళని ఏమనాలి?

పొడవు చాలకపోతే రాడ్ ఎండ్‌ని (లింక్ కొసలో మరతో బిగించే కీలుని) ఇంకో నాలుగు చుట్లు బయటికి తీస్తే పోలేదా? పోతుంది, లింకే ఊడిపోతుంది. మర వ్యాసానికి ఒకటిన్నర రెట్లు, అంటే ఎం10 మరకి కనీసం 15 మిల్లీమీటర్లు లోపల ఉండాలని వాళ్ళ పట్టుదల. ఆ పొడవు మారకుండా పట్టి ఉంచే జామ్ నట్లు బిగించేటప్పుడు రెండు రాడ్ ఎండ్లూ పక్కకి తిరిగిపోకుండా స్పానర్‌తో పట్టుకుంటారు. బిగించాక లింక్‌ని చేత్తో అటూ ఇటూ వంచి చూస్తారు. రెండు వైపులా సమానంగా కాస్త కదలాలట. కదలకపోతే కీలు అంచుకి ఆని ఉన్నట్టు, ట్రాక్ అంచున ఎత్తుగా ఉండే కెర్బ్ ఒక్కటి గట్టిగా తగిలితే చాలు, బోల్ట్ వంగుతుందన్నమాట. ఆ తర్వాత స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, సస్పెన్షన్‌ని పైనుంచి కిందిదాకా ఆడించి, లింక్ టైరుకీ బ్రేక్ హోస్‌కీ తగులుతుందేమో చూస్తారు. పాపం, వీళ్ళకి వేరే పనులేమీ ఉండవు కాబోలు.

తనిఖీ అంటారా, నట్ మీదుగా స్టడ్ దాకా పెయింట్‌తో ఒక గీత గీసి, ప్రతి సెషన్ తర్వాత అది తెగిందేమో చూడమంటారు. వదులు చూడాలంటే రెండు చక్రాలూ సమానంగా ఉన్నప్పుడే చూడాలట. అప్పుడు లింక్ మీద బలం ఉండదు కాబట్టి, చేత్తో ఊపితే కీలులోని ఆట దొరికిపోతుంది. ఒక్క చక్రం లేపి చూస్తే మెలిపడ్డ బార్ ఆ ఆటని బిగబట్టి దాచేస్తుంది. మన పద్ధతి సరిగ్గా ఇదే, అందుకే మన కార్లలో ఎప్పుడూ ఏ లోపమూ కనపడదు.

ముందు లింక్ విరిగిందనుకోండి, వెనక భాగం హఠాత్తుగా జారడం మొదలవుతుంది. వెనక లింక్ విరిగితే, ముక్కు మలుపు తిరగనంటుంది. ఆడలేక మద్దెల ఓడు అనడం పాత కథ. ఇక్కడ మద్దెల నిజంగానే ఓడైనా దాని వంక చూడం. టైర్లని తిడతాం, అలైన్‌మెంట్ మళ్ళీ చేయిస్తాం, డ్యాంపర్ మరలు ఇంకో రెండు క్లిక్కులు తిప్పుతాం.

చిన్న గతుకుల మీద నెమ్మదిగా వెళ్తుంటే వచ్చే టకటక శబ్దానికి కూడా ఛాదస్తుల దగ్గర ఒక చిట్కా ఉంది. రెండు లింకులూ విప్పి, బార్ చేతులు దేనికీ తగలకుండా వైరుతో కట్టేసి, అదే గతుకుల మీద అంతే నెమ్మదిగా నడపాలట. శబ్దం ఆగితే తప్పు లింక్‌దో బార్ బుష్‌దో (బార్‌ని కారుకి పట్టి ఉంచే రబ్బరు తొడుగుదో) అయి ఉంటుంది. ఆగకపోతే ఇంకెక్కడో వెతకాలి. ఈ పరీక్షకి రెండు స్పానర్లు, కాస్త వైరు చాలు. కొత్తగా ఏ పార్టూ కొనక్కర్లేని పరీక్షని ట్రాక్ లోకం ఎలా నమ్ముతుంది చెప్పండి?