సవరణ: రాజమండ్రి టౌన్ హాలు, తొలి వితంతు వివాహం

రాజమండ్రి టౌన్ హాలు జ్ఞాపకాల మీద మొన్న వేసిన పోస్టులో "వీరేశలింగం గారు తొలి వితంతు వివాహం చేయించింది ఈ హాల్లోనే" అని ఉంది. ఆ వాక్యం తీసేస్తున్నాం.

తారీఖులే కలవవు. గోగులపాటి శ్రీరాములుకు, గౌరమ్మకు పెళ్ళి జరిగింది 1881 డిసెంబరు 11న, అదీ వీరేశలింగం పంతులు గారి ఇంట్లో. ఊరంతా ఎదురు తిరిగితే విద్యార్థులే అండగా నిలబడ్డారు. ఖర్చులకు కాకినాడ నుంచి పైడా రామకృష్ణయ్య గారు సాయం చేశారు. టౌన్ హాలు కట్టింది 1890లో. అంటే పెళ్ళినాటికి అక్కడ హాలే లేదు.

పెద్దవాళ్ళు అలా చెప్పడంలో వింతేమీ లేదు. హాలు కట్టించిందీ, పెళ్ళి చేయించిందీ వీరేశలింగం గారే కాబట్టి రెండూ ఒక చోటికి చేరిపోయాయి. అయినా ఆ పెళ్ళి సభాభవనంలో కాకుండా సొంతింట్లో చేయించడానికే ఎక్కువ గుండె కావాలని నాకనిపిస్తుంది: వెలి వేసేదీ, రాళ్ళు వేసేదీ ఇంటి మీదే కదా.

హాల్లో విన్న ఉపన్యాసాలు, చూసిన నాటకాల గురించి మీరు రాసిన జ్ఞాపకాలు మాత్రం యథాతథంగా ఉంచాం. సంఘసేవ కోసం వీరేశలింగం గారు హితకారిణీ సమాజం అనే సంస్థ పెట్టింది 1906లో, హాలు కట్టిన చాలా ఏళ్ళకు. ఆ రెంటినీ కూడా కలపకండి.