శ్రీయుత 15 టన్నుల వారి సముఖమునకు

మహారాజశ్రీ చదరపు మీటరుకు 15 టన్నుల వారికి,

విశాఖపట్నంలోని ఒకానొక మట్టి పరీక్షశాలలో పదకొండేళ్లుగా శాంపిళ్లు కోస్తున్న సహాయకుడు నమస్కరించి వ్రాసుకొను విన్నపము. పునాది కింది నేల ఎంత బరువును క్షేమంగా మోయగలదో చెప్పే అంకెను మేము ఎస్‌బీసీ అంటాము. మా నివేదికల్లో ఆ పీఠం మీద తమరు కాక మరొకరు కూర్చున్న సందర్భాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చును. భీమిలి దారిలోని ఎర్రమట్టి అయినా, మధురవాడ కొండవాలు మొరం అయినా, ఓడరేవు వెనుక ఉప్పుటేటి బురద అయినా తమరికి అన్నీ ఒక్కటే. ఇంతటి సమదృష్టి సింహాచలం మెట్లెక్కే భక్తులలో కూడా నాకు కనిపించలేదు.

కిందటి కార్తీకంలో ఓడరేవు వైపు నుంచి మట్టి శాంపిల్ నింపిన ఒక ట్యూబు వచ్చింది. రెండు కొసలా మైనం పోసి మూయవలసిన దానికి పాత గుడ్డ కుక్కి పంపారు. లోపల నల్లని సముద్రపు బంకమన్ను. కొసల్లో ఎండి బీటలు వారినా నడుమ మాత్రం తడిగా, గుల్లల ముక్కలతో, చేపల రేవు వాసనతో ఉన్నది. నడిమి భాగాన్ని తీగరంపంతో 38 మి.మీ. వ్యాసం, 76 మి.మీ. ఎత్తు వచ్చేలా చెక్కి, యంత్రంలో నిలబెట్టి, నెమ్మదిగా పిడి తిప్పాను. అది పగలలేదు, బాగా తిన్న పెళ్లివారిలా నడుము ఉబ్బించి కుదించుకుపోయింది. పగులు కనిపించకపోతే ప్రమాణం ప్రకారం 20 శాతం కుదింపు వద్ద ఆపాలి గనుక అక్కడ ఆపి, మట్టి మీద పడ్డ బలాన్ని చూపే ప్రూవింగ్ రింగు చూసి లెక్క కట్టాను. చదరపు సెంటీమీటరుకు 0.4 కిలోలు, అంటే చదరపు మీటరుకు 4 టన్నులు. అందులో సగం, 2 టన్నులు, కోతబలం, అనగా మట్టి తెగి జారిపోకుండా తట్టుకునే బలం. దానిని బంకమన్నుకు పునాది సూత్రంలో వాడే 5.14 అనే గుణకంతో హెచ్చించి, భద్రత కోసం 3తో భాగిస్తే మూడున్నర టన్నులైనా నిండవు. పునాది ఆకారానికి, లోతుకు ఇచ్చే రాయితీలన్నీ కలిపినా 6 దాటదు.

ఆ కాగితం పట్టుకొని పైవారి గదికి వెళ్లేసరికి నివేదిక బైండింగుకు సిద్ధంగా ఉన్నది, అందులో తమరు కొలువుదీరి ఉన్నారు. జాతకాలు చూడకముందే శుభలేఖలు పంచినట్లు! “శాంపిల్ ఆరిపోయి ఉంటుందిలేవయ్యా” అన్నారు వారు. ఆరిన బంకమన్ను ఉన్నదానికంటే గట్టిగా కనబడుతుందే తప్ప మెత్తగా కనబడదని నా నోటిదాకా వచ్చింది. నెలాఖరు కావడంతో నోరు మూసుకున్నాను.

ఎర్రమట్టి కథ వేరు. ఎండలో గోడలా నిలిచే ఆ మట్టిని వాన ఎలా కోసుకుపోతుందో ఎర్రమట్టి దిబ్బల గండ్లు చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. కాబట్టి మట్టిని అడ్డంగా జరిపి కోతబలం చూసే 60 మి.మీ. షేర్ బాక్సులో పెట్టిన ముక్కను నీళ్లతో నానబెట్టి కూడా పరీక్షించాలి. మా వద్ద నానేవి ఇడ్లీపప్పు, టీపొడి మాత్రమే. అయినా చదరపు సెంటీమీటరుకు 0.5, 1.0, 1.5 కిలోల బరువుల కింద వచ్చిన మూడు బిందువులూ గ్రాఫులో గీత మీద రామలక్ష్మణభరతుల్లా వరుసగా నిలబడతాయి. నేను నిజంగా చేసిన పరీక్షలో ఏదో ఒకటి శత్రుఘ్నుడిలా పక్కకు తప్పుకోకుండా ఉండదు. ఫ్రెంచి ఇంజనీరు కూలుంబ్ తన కోతబలం సూత్రాన్ని 1776లో అచ్చు వేయించినప్పుడు ఇంత క్రమశిక్షణగల మట్టిని చూసి ఉండడు.

ఇక మట్టిని అన్ని వైపులా ఒత్తి బలం చూసే, మూల ఉన్న ట్రయాక్సియల్ యంత్రానికి దుప్పటి తీసేది దసరా ఆయుధపూజ నాడే. బంకమన్నులోని నీరు పూర్తిగా బయటికి పోనిస్తూ అందులో పరీక్ష చేస్తే రోజులు పడుతుంది. తమరు రావడానికి నిమిషం చాలు. దానికి పెట్టిన కుంకుమ బొట్టు మరుసటి దసరా దాకా చెక్కుచెదరదు.

ఈ ఉదయం గాజువాక వైపు నుంచి మరో ట్యూబు వచ్చి నా బల్ల మీద ఉన్నది. కంప్యూటరులో దాని నివేదిక తెరిచి చూశాను, తమరు ముందే వేంచేసి ఉన్నారు. తమకు అభ్యంతరం లేకపోతే, కేవలం నా కుతూహలం కొద్దీ, ఈ ట్యూబు మూత తీసి చూసుకునేందుకు అనుమతి ఇప్పించవలసినదిగా ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు,
తీగరంపం పట్టినవాడు