రేకు నలగని జీపు, నలిగే మనిషి

పది రోజులుగా ఒకే సందేశం నాకు ఆరుసార్లు వచ్చింది. పంపినవారిలో దేవరకొండ మిత్రులున్నారు, అచ్చంపేట బంధువులున్నారు. దాని సారం ఇది: పాతకాలపు జీపుల్లో లోపాలెంచే సమీక్షకులందరూ కంపెనీలకు అమ్ముడుపోయినవారు, స్టీరింగ్ బాగాలేదని, కుదుపు ఎక్కువని చెప్పేవాళ్ళకు బండి నడపడం రాదు, ఏ ఊళ్ళో ఆగినా జీపు మెకానిక్ దొరుకుతాడు, ఏసీ, టచ్‌స్క్రీన్ తెర పట్నపు సోకులు, అన్నిటికీ మించి, పాత జీపు రేకు నలగదు గనుక లోపలి మనిషికి ఏమీ కాదు. మొదట ఊరుకున్నాను. అయితే దానికి ‘వంద శాతం నిజం’ అని జతచేసి మా బావ పంపాడు. ఆ బావే ఆదివారం వస్తే పిల్లలను తన పాత జీపు వెనుక అడ్డసీట్ల మీద కూర్చోబెట్టుకొని నాగార్జునసాగర్ వెళ్తాడు. అందుకే ఇది రాయక తప్పలేదు.

ఏసీ గురించి వాదించను; కావలసినవారు పెట్టించుకుంటారు, అక్కరలేనివారు మానుకుంటారు. మెకానిక్ మాట సగం నిజం. పాత డీజిల్ పంపు విప్పి బిగించగలిగిన చేతులు మా వైపు ఇంకా ఉన్నాయి, కానీ ఆ పని నేర్చుకుంటున్న కుర్రవాళ్ళు నాకు కనబడటం లేదు.

నడపడం రాదన్న నిందను మాత్రం కొంచెం నిలిచి చూడాలి. పాత జీపుకు రెండు ముందు చక్రాలను కలుపుతూ ఒకే ఇరుసు ఉంటుంది. రాళ్ళ బాటలో ఒక చక్రం పైకి లేస్తే రెండోది కిందికి ఒత్తుకొని నేలను పట్టుకుంటుంది. అదే ఇరుసు తారురోడ్డు మీద ఒక చక్రానికి తగిలిన గుంతను రెండో చక్రానికీ చేరవేస్తుంది. ఇరుసు మీద బండి బరువును మోసే కమాను పట్టీల (లీఫ్ స్ప్రింగుల) సంగతీ అంతే. బరువు మోయడానికి కట్టిన పట్టీలు ఖాళీ బండిని ఎగరవేస్తాయి, బరువు పడితే సర్దుకుంటాయి. మా తోట నుంచి బత్తాయి గంపలు నింపుకొని వచ్చే జీపు, ఒక్కడినే కూర్చొని నల్లగొండ పోయే జీపు ఒకటే అయినా, నడుముకు మాత్రం రెండు వేరు బండ్లుగా తెలుస్తాయి. సమీక్షకుడు ఖాళీ బండిని రహదారి మీద నడిపి కుదుపు ఉందని రాస్తాడు. అది అబద్ధం కాదు, అతడు కూర్చున్న చోటి నిజం.

ఇది మన దగ్గరి గొడవే కాదు. బ్రిటన్‌లో లాండ్‌రోవర్ పాత డిఫెండర్ తయారీ 2016 జనవరిలో ఆగిపోయింది. అటువంటి మొరటు బండి ఇంకా ఉండాలన్న పట్టుదలతో ఐనియోస్ సంస్థ గ్రెనడియర్‌ను తెచ్చింది. స్టీరింగ్ తిప్పి వదిలితే అది తనంతట తాను నడిమికి సరిగ్గా రాదని ఎందరో సమీక్షకులు రాశారు. దూరప్రయాణం చేసేవాడికి అది గంటగంటకూ పెరిగే అలసట. బండరాళ్ళలో నడిపేవాడికి చక్రానికి తగిలిన దెబ్బ చేతిదాకా రాకపోవడమే మేలు. ఇద్దరూ తమ అలవాటునే కొలబద్దగా పట్టుకున్నారు. తన కొలబద్ద ఏదో చెప్పిన సమీక్షకుడి మాటను నేను వాడుకోగలను. ఈ సందేశం రాసినవాడు ఎదుటివాడి ఇష్టాన్ని అమ్ముడుపోవడమనీ, తన ఇష్టాన్ని సత్యమనీ అంటున్నాడు. అతడి మాటను ఎట్లా వాడుకోవాలి?

ఇక రేకు మాట. ఇష్టం మనిషి కళ్ళను ఎంతగా కప్పుతుందో ఇక్కడ తెలుస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండి గోడను గుద్ది ఆగిందనుకుందాం. ముందు భాగం 60 సెంటీమీటర్ల మేర నలుగుతూ ఆగితే, బెల్టు పెట్టుకొని లోపల ఉన్న మనిషి మీద సగటున అతడి బరువుకు సుమారు 24 రెట్ల బలం పడుతుంది. ఏమీ నలగనని మొండికేసిన బండి 10 సెంటీమీటర్లలోనే ఆగిపోతే ఆ బలం 140 రెట్లు దాటుతుంది. రేకు తినవలసిన దెబ్బను పక్కటెముకలు తింటాయి. ఎదురుగా వంగని స్టీరింగ్ కడ్డీ ఉంది, గాలిసంచి (ఎయిర్‌బ్యాగ్) లేదు, వెనుక అడ్డసీట్లకు బెల్టులే లేవు, పైన గుడ్డ టాపు. ప్రమాదం తర్వాత బండి చెక్కుచెదరలేదని ఫొటో తీసి పంపుతారే, ఆ ఫొటోలో సీట్లో కూర్చున్నవాళ్ళు ఎందుకు కనబడరో ఒక్కరైనా అడిగారా?

పైగా చాలామంది ముందు ఇనుప గార్డు కూడా బిగిస్తారు. గుద్దుకున్నప్పుడు పడే బలాన్ని అది నేరుగా చాసిస్‌కు, అంటే బండి అడుగు చట్రానికి పంపుతుంది, అడ్డం వచ్చిన పాదచారికి మరింత ప్రమాదం, ఎయిర్‌బ్యాగులున్న బండిలో వాటి సెన్సార్ల పనికీ అడ్డుపడవచ్చు. ఇటువంటి గార్డుల మీద చర్య తీసుకొమ్మని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. మన రోడ్ల మీద అవి ఇంకా మెరుస్తూనే ఉన్నాయి.

మొరటు బండి అయితే భద్రత ఉండదని నేననడం లేదు. 2020లో వచ్చిన మహీంద్రా థార్ కూడా పాత జీపులాగే లాడర్ ఫ్రేమ్ (నిచ్చెన ఆకారపు ఇనుప చట్రం) మీద కట్టిన బండే. దాన్ని బండ్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించి, అయిదు నక్షత్రాలకు పెద్దల రక్షణకు నాలుగు, పిల్లల రక్షణకు నాలుగు ఇచ్చింది. ఆ అంకెకు ఎవరి ఇష్టాయిష్టాలతోనూ పని లేదు. చిన్నప్పటి నుంచి జీపు ఎక్కినవాడి అనుభవం దాని ఎదుట సాక్ష్యం కాదు. గుద్దుకోకుండా బతికినవాడు గుద్దుకుంటే ఏమవుతుందో చెప్పలేడు.

అమ్ముడుపోయారన్న నిందలో ఒక ముక్కను మాత్రం ఒప్పుకోవాలి, ఒప్పుకోవడం నాకే ఆశ్చర్యంగా ఉంది. కొత్త బండి వచ్చినప్పుడు సమీక్షకులు చాలాసార్లు కంపెనీ పిలిచిన చోటికి, కంపెనీ ఖర్చుతో పోయి, కంపెనీ ఎంచిన దారిలో ఒకటి రెండు రోజులు నడిపి రాస్తారు. డబ్బు చేతులు మారకపోయినా ఆ మర్యాద కలం మీద బరువు వేస్తుంది. చందంపేట తండాల దారిలో అయిదు వానాకాలాలు తిరిగిన తర్వాత ఆ బండి కింద ఏది తుప్పు పట్టిందో వాళ్ళ రాతల్లో దొరకదు. అది చెప్పగలిగింది జీపు వాడుతున్న మీరే. ఎన్ని కిలోమీటర్లకు క్లచ్ మార్చారో, వాగులో ఎక్కడ ఆగిపోయిందో రాసి పంపండి, శ్రద్ధగా చదువుతాను.

నా ఇష్టం ఎటువైపో కూడా చెప్పాలి. మా నాన్న కొన్న పాత డీజిల్ జీపు ఇప్పటికీ మా కొట్టంలో ఉంది. దాని శబ్దం వింటే నాకు ఆయన తోట నుంచి తిరిగివస్తున్నట్టే ఉంటుంది. అందుకే దాని గురించి నేను సమీక్ష రాస్తే నమ్మవద్దు. దాన్ని అమ్మను. చెల్కకు అందులోనే పోతాను, గంపలు అందులోనే తెస్తాను. పిల్లలను మాత్రం దాని వెనుక సీట్లో కూర్చోబెట్టి సాగర్ రోడ్డు ఎక్కించను. బావా, ఈ ఆదివారం నీ పిల్లలను మా కారులో పంపు.