కంప్యూట్ నోడ్‌కి ప్రింటర్ కావాలట!

మన క్లస్టర్ (కలిసి లెక్కలు చేసే కంప్యూటర్ల గుంపు) అడ్మిన్‌లు ముందుచూపు గలవారు. అందులో ఒక్కో కంప్యూటరూ ఓ నోడ్. దానికి డిస్క్ లేదు, కీబోర్డు లేదు, మానిటర్ లేదు. అయినా నెట్‌వర్క్ మీద దానికి పంపే ఆపరేటింగ్ సిస్టమ్ మూటలో, అంటే బూట్ ఇమేజ్‌లో, ప్రింటర్ సర్వీసు ఉంటుంది. అర్ధరాత్రి సిమ్యులేషన్ మధ్యలో నోడ్‌గారికి ఓ ప్రింటవుట్ తీసుకోవాలనిపిస్తే? వైఫై ఫర్మ్‌వేర్ కూడా ఉంది. నెట్‌వర్క్ కేబుల్ మీదే బూట్ అయిన యంత్రం, సాయంత్రం విసుగొచ్చి ర్యాక్ దిగి కాఫీ షాపుకి వెళ్తే, అక్కడ ఇబ్బంది పడకూడదుగా! వాల్‌పేపర్లున్నాయి, పక్క నోడ్ చూసి కుళ్లుకోవడానికి. ఎర్రర్ మెసేజీలు డజన్ల కొద్దీ భాషల్లో ఉన్నాయి, చదివే నాథుడే లేడు.

ఇవన్నీ డిస్క్ మీద పడుంటే ఎవరికీ నొప్పి లేదు. ఇక్కడ ఇమేజ్ మొత్తం ర్యామ్‌లోనే విప్పుకుని, టీఎంపీఎఫ్ఎస్‌లో (ర్యామ్‌లోనే ఉండే ఫైల్ సిస్టమ్) తిష్ఠ వేస్తుంది. స్వాప్ (ర్యామ్ నిండితే డిస్క్ మీదికి సర్దే చోటు) లేదు కాబట్టి, మెమరీని పంచే కర్నెల్ కూడా కదిలించలేదు. 8 జీబీ ర్యామ్ ఉన్న నోడ్‌లో 3 జీబీ ఇమేజ్ అంటే, ఇల్లు అద్దెకిచ్చి రెండు గదుల్లో ఓనరు పాత సామాను పెట్టి తాళం వేసుకోవడమే.

అది వచ్చే దారి ఇంకా ముచ్చట. టీఎఫ్‌టీపీ అనే ఫైళ్లు పంపే పద్ధతి 1981 నాటిది. మామూలుగా 512 బైట్ల ముక్క పంపి, అందిందని జవాబొచ్చాకే ఇంకోటి పంపుతుంది. 1 జీబీకి 20,97,152 ముక్కలు. ముక్క నంబరుకి 16 బిట్లే కాబట్టి 65,535 దాటితే అంకెలే అయిపోతాయి. ఐపీఎక్స్‌ఈ (నెట్‌వర్క్ బూట్ ప్రోగ్రామ్) పెట్టి, వెబ్‌సైట్లు వాడే హెచ్‌టీటీపీ మీద లాగండయ్యా అంటే, "నడుస్తోంది కదా, కెలకొద్దు" అంటారు.

ఓ రిసెర్చ్ స్కాలర్ రెండు రోజులుగా నడుపుతున్న జాబ్‌ను ఓఓఎం కిల్లర్ (మెమరీ అయిపోతే ప్రోగ్రాములను ఆపేసే కర్నెల్ భాగం) చంపేసింది. అది ప్రాసెస్‌లనే చంపగలదు, వాల్‌పేపర్లను కాదు. ఆ అమ్మాయి వెళ్లి అడిగితే వచ్చిన జవాబు: "నీ కోడ్‌లో మెమరీ లీకుందమ్మా, చూసుకో." సిగ్గుండాలి! డెస్క్‌టాప్ ఇన్‌స్టాలేషన్‌ను ఉన్నదున్నట్టు మూటగట్టి ఆమె ర్యామ్‌లో కుమ్మరించింది మీరు. రూట్‌ను, అంటే సిస్టమ్ ఫైళ్లన్నిటినీ, చదవడానికి మాత్రమే ఎన్‌ఎఫ్‌ఎస్ (సర్వర్‌లోని ఫైళ్లను నెట్‌వర్క్ మీద పంచే పద్ధతి) మీద పెట్టి, రాతలకి పైన చిన్న ఓవర్‌లే పొర వేస్తే చాలు. అలా చదివిన పేజీలను, మెమరీ చాలకపోతే కర్నెలే వదిలేస్తుంది. అక్కర్లేని ప్యాకేజీలు పీకేయడం ఒక్క మధ్యాహ్నం పని. ఆ మధ్యాహ్నం మీకు దొరకలేదు. ఆమె రెండు రోజులు పోయాయి, గైడ్ దగ్గర మాటా పడింది.

ఇప్పుడు నోడ్‌కి 16 జీబీ ర్యామ్ కావాలని ఇండెంట్ పెట్టారట. పెట్టండి. ఆఫీస్ సూట్‌కి కూడా చోటు దొరుకుతుంది.