ఇల్లు చేయాల్సిన పని కరెంటుకు అప్పగించాం

రోహిణీ కార్తెలో నెల్లూరులో ఏ పైఅంతస్తు గదిలోనైనా రాత్రి పదకొండుకి పడమటి గోడ మీద చెయ్యి పెట్టి చూడండి. ఇంకా సెగ కొడుతూనే ఉంటుంది. పైన స్లాబూ అంతే. పగలంతా ఎండ తాగి, రాత్రంతా ఆ వేడిని గదిలోకి వదులుతుంది. దాన్ని బయటికి తోడటానికి ఏసీ తెల్లవార్లూ తిరుగుతుంది. అందరం ఎండల్ని తిడుతున్నాం. నేను మాత్రం మనం ఇళ్లు కట్టే తీరునే తప్పుపడతాను.

బొగ్గు, డీజిల్ లేని రోజుల్లో ఇల్లు కట్టడానికి మనిషి కండ, ఎద్దు కండ, కట్టెలు తప్ప వేరే బలం లేదు. మట్టిగోడ ఎండకే ఆరేది. సున్నం కావాలంటే మాత్రం బట్టీలో సుమారు 900 డిగ్రీల మంట ఉండాలి. పులికాట్ వైపు ఏరిన గుల్లను కాల్చి, ఆ గుల్లసున్నాన్ని ఇసుకతో కలిపి గానుగలో పోస్తే, రాతి చక్రాన్ని లాగుతూ ఎద్దులు గుండ్రంగా తిరిగేవి. అది వెన్నలా నలిగితే గానీ మేస్త్రీ ముట్టుకునేవాడు కాదు. అంత చాకిరీతో లేచిన ఇల్లు వాతావరణం చూసుకునే లేచేది. గోడలు మందంగా ఉండేవి. ముందు వసారా ఎండను గోడదాకా రానిచ్చేది కాదు. ఇంటి నడుమ ఆకాశానికి తెరిచి ఉంచిన మండువాలోంచి వేడిగాలి పైకి పోయేది. మధ్యాహ్నం దాటాక తూర్పు నుంచి వచ్చే సముద్రపు గాలి వీధి గుమ్మంలో దూరి పెరట్లోకి వెళ్లేది.

అవన్నీ కలిగినవాళ్ల ఇళ్లు, ఆ మాట దాచను. తాటాకు కప్పు కింద చల్లగా ఉండేది నిజమే, కానీ ఒక్క నిప్పురవ్వ పడితే పేట మొత్తం బూడిదయ్యేది. పేదవాళ్లు స్లాబు కోరుకోవడంలో పూర్తి న్యాయం ఉంది. ఆ స్లాబుకు కాస్త నీడ చూపించని చదువుకున్నవాళ్ల మీదే నా కోపం.

సిమెంటు బట్టీకి 1,450 డిగ్రీలు కావాలి. బొగ్గు వచ్చాక ఆ వేడి దొరికింది, సిమెంటు, ఉక్కు, అద్దం అన్నీ చౌకయ్యాయి. ఏసీ మొదట మనుషుల కోసం పుట్టనే లేదు. 1902లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో కాగితం తేమకు సాగుతోందని విల్లిస్ క్యారియర్ అనే ఇంజనీరు దాన్ని తయారుచేశాడు. ఆ యంత్రం ఉందన్న ధైర్యంతో కట్టేవాళ్లు గాలినీ నీడనీ లెక్కలోంచి తీసేశారు. ప్రపంచ ప్రసిద్ధ వాస్తుశిల్పి లె కార్బూజియే అంతటివాడు 1933లో పారిస్‌లో నిరాశ్రయుల కోసం ఒక భవనం కట్టాడు. దక్షిణం వైపు మొత్తం తెరుచుకోని అద్దాల గోడ పెట్టాడు. డబ్బు చాలక చల్లబరిచే యంత్రాలు పెట్టలేదు. వేసవి వచ్చేసరికి లోపలివాళ్లు ఉడికిపోయారు. చివరికి కిటికీలు తెరిపించి, ఎండ ఆపే పలకలు అమర్చాల్సి వచ్చింది. 1950ల్లో చండీగఢ్‌లో ఆయనే కాంక్రీటు తెరలతో ఎండను బయటే ఆపాడు. మనం ఇప్పుడు నెల్లూరు ట్రంకు రోడ్డు మీద, ఒంగోలు కర్నూలు రోడ్డు మీద 1933 నాటి ఆ పొరపాటునే మళ్లీ కడుతున్నాం. పడమర ముఖంగా నిలువెల్లా నీలం అద్దాలు!

వాటిని చల్లబరిచే కరెంటు ఊరికే రాదు. కృష్ణపట్నం దగ్గర నేలటూరులో ఒక్కోటి 800 మెగావాట్ల యూనిట్లున్నాయి. అలాంటి యూనిట్లలో కూడా బొగ్గు వేడిలో సుమారు 40 శాతమే కరెంటవుతుంది. మిగతాదంతా నీళ్లలోకి, గాలిలోకి పోతుంది. రెండున్నర అడుగుల సన్‌షేడ్, స్లాబు మీద తెల్ల పూత వేస్తే చాలావరకు ఆగే వేడి కోసం ఇంత బొగ్గు కాల్చాలా?

కట్టేది ఒకరు, కరెంటు బిల్లు కట్టేది ఇంకొకరు. ఫ్లాటు అమ్మిన బిల్డర్‌కు ఆ గోడ ఎంత కాలుతుందో అక్కర్లేదు. అద్దెకున్నవాళ్లు గోడ మార్చలేరు. ప్లాన్ అప్రూవల్‌కి వెళితే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ (సెట్‌బ్యాక్) అడుగులు కొలుస్తారు, పడమటి కిటికీకి నీడ ఉందా అని అడగరు. కేంద్రం 2018లో ఇళ్ల కోసం తెచ్చిన ఇంధన పొదుపు నియమావళి, ఎకో నివాస్ సంహిత, అప్పట్లో 500 చదరపు మీటర్లు, ఆపై స్థలాలకే వర్తించేది. మన నెల్లూరు లెక్కలో దాదాపు 75 అంకణాలు. మామూలు కుటుంబం కొనేది అందులో సగం కూడా ఉండదు.

తెలంగాణ 2023లోనే ఇంటి కప్పులు వేడెక్కకుండా చూసే కూల్ రూఫ్ విధానం తెచ్చింది. మనకూ అలాంటిది కావాలి. పక్కా ఇళ్ల కాలనీలతో మొదలుపెట్టాలి. స్లాబు మీద తెల్ల పూత, పడమటి వైపు నీడ, ఎదురెదురు కిటికీలు, ఈ మూడింటి ఖర్చూ ఇంటి మంజూరు సొమ్ములోనే కలపాలి. ఇల్లు మొదలుపెట్టబోతున్నవాళ్లు స్లాబు పోయకముందే మేస్త్రీతో ఈ మాట మాట్లాడండి, పోశాక చేయగలిగింది సగమే.