‘ట్రాన్స్‌జెండర్లకు విడిగా సాయం ఎందుకు?’ అనే మెసేజ్‌కి జవాబు

కరోనా రోజుల సాయం గురించి మాట వచ్చినప్పుడల్లా వాట్సాప్‌లో ఒక వాదన తిరుగుతుంటుంది. అందరితో పాటే ట్రాన్స్‌జెండర్లకూ బియ్యం, డబ్బులు ఇచ్చారట. పైగా కేంద్రం వాళ్ల ఖాతాల్లో 1,500 రూపాయలు వేసిందట. వాళ్లను వాళ్ల గురువులే, అంటే హిజ్రా ఇళ్లను నడిపే పెద్దలే, చూసుకుంటారట. గుంపులుగా తిరిగి జబ్బు అంటించేదీ వాళ్లేనట. ఇక వాళ్లకు వేరే సంఘాలు, వేరే సాయం ఎందుకని ముగింపు. ఈ వాదన నిలబడదు.

ముందు జబ్బు సంగతి. 2020 మార్చి చివర్లో హైదరాబాద్ అమీర్‌పేట మెట్రో స్టేషన్ దగ్గర పోస్టర్లు వెలిశాయి. హిజ్రాలను షాపుల దగ్గరికి రానివ్వొద్దని, వాళ్లతో మాట్లాడినా కరోనా వస్తుందని, కొట్టి తరిమెయ్యమని, లేదంటే 100కి ఫోన్ చెయ్యమని వాటి మీద ఉంది. ఉద్యమకారిణి వైజయంతి వసంత మొగిలి పోలీసులకు ఫిర్యాదు చేశారు. కరోనా నోటి తుంపర్లతో, గాలితో పాకే జబ్బు. షాపులో బేరమాడే కస్టమర్ నుంచి ఎంత రిస్కో, హిజ్రా నుంచీ అంతే. కానీ ఆ పోస్టర్ చదివి భయపడిన ఇంటి ఓనర్ రూమ్ ఖాళీ చెయ్యమంటే, లాక్‌డౌన్‌లో ఆమె ఎక్కడికి పోవాలి?

‘బియ్యం అందరికీ ఇచ్చారు’ అన్నది అసలైన అబద్ధం. తెలంగాణలో మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1,500 రూపాయలు ఇచ్చింది రేషన్ కార్డు ఉన్నవాళ్లకి. ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి రూపాయలూ కార్డున్న కుటుంబాలకే. కార్డు అంటే కుటుంబం. పదహారేళ్లకో పద్దెనిమిదేళ్లకో ఇంట్లోంచి గెంటేసిన ట్రాన్స్ పిల్ల పేరు ఎక్కడుంటుంది? ఇంకా అమ్మానాన్నల కార్డులోనే, అదీ పాత మగపేరుతో ఉంటుంది. ఆమె వాటా బియ్యం ఆమెను వెళ్లగొట్టిన ఇంటికే పోతుంది. పేరు తీసేసి ఉంటే అసలు ఎక్కడా రాదు. నగరంలో నలుగురు ట్రాన్స్ మహిళలు కలిసి ఒక గదిలో బతుకుతుంటే, వాళ్లను కుటుంబం అని రాసుకునే గడి ఆ కార్డు ఫారంలో లేదు. లాక్‌డౌన్‌లో వీళ్లకి రేషన్, మందులు అందడం లేదని 2020లో తెలంగాణ హైకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది.

కేంద్రం వేసిన 1,500 నిజమే. అయితే 2020లో అది అందింది దేశం మొత్తం మీద దాదాపు 7,000 మందికి. 2011 జనగణనలో ‘ఇతరులు’ అని రాయించుకున్నవాళ్లే 4,87,803 మంది. నూటికి ఇద్దరికి కూడా రాలేదన్నమాట. ఇంకో సంగతి చూడండి. 2021లో మళ్లీ ఆ డబ్బు ఇస్తామన్నప్పుడు, దరఖాస్తు ఫారం ఎక్కువమందికి చేరాలని కేంద్రం తోడు తెచ్చుకున్నది ట్రాన్స్ సంఘాలనే. ఆధార్, బ్యాంకు అకౌంటు అడిగే ఆ ఫారం నింపలేనివాళ్లను వెతికి పట్టుకునేది ఎవరు? పక్క గల్లీలో ఎవరుంటారో, ఎవరి ఫోన్ రీఛార్జ్ అయిపోయిందో తెలిసిన మనుషులే. ‘వేరే సంఘాలు ఎందుకు’ అనేవాళ్లు ఈ ఒక్కటీ ఆలోచించినా చాలు.

గురువులు చూసుకుంటారా? గురువు ఇల్లు నడిచేది చేలాలు, అంటే శిష్యులు, తెచ్చే డబ్బుతో. ఆ డబ్బు షాపుల్లో అడిగితే, రైళ్లలో అడిగితే, పెళ్లిళ్లకు, పిల్లలు పుట్టిన ఇళ్లకు బదాయికి, అంటే దీవించి కానుక తీసుకోడానికి, వెళ్తే వస్తుంది. 2020 మార్చి చివరి వారంలో షాపులు మూశారు, ప్యాసింజర్ రైళ్లు ఆగాయి, పెళ్లిళ్లు వాయిదా పడ్డాయి. సెక్స్ వర్క్ మీద బతికేవాళ్లకూ అదే గతి. గురువుకీ చేలాకీ ఒకే రోజు పొయ్యి ఆరింది. ఇక ఆడపిల్లగా పెంచినా తాము మగవాళ్లమని చెప్పే ట్రాన్స్ మగవాళ్లకు అసలు గురువు అనే ఏర్పాటే లేదు. తమను ఒప్పుకోని ఇంట్లోనే, తలుపులు మూసుకుని నెలల తరబడి ఉండాల్సి వచ్చిన పిల్లల టెన్షన్ ఎవరు విన్నారు? అలాంటివాళ్లకు రాత్రి పూట ఫోన్ ఎత్తే తోటి ట్రాన్స్ మనిషి ఒక్కరుంటే చాలా తేడా.

‘ఆస్పత్రులు అందరికీ ఒకటే’ అని కూడా కొందరు కలుపుతారు. వార్డులు ఆడవాళ్లకొకటి, మగవాళ్లకొకటి. ఆధార్‌లో మగపేరున్న ట్రాన్స్ మహిళను మగవార్డుకి రాస్తారు. అది తెలిసి జ్వరం వచ్చినా వెళ్లకుండా ఉండిపోయేవాళ్లుంటారు. హెచ్‌ఐవీ మందులు, హార్మోన్లు వాడేవాళ్లకు బస్సుల్లేని రోజుల్లో అవి తెచ్చుకోవడం ఇంకో కష్టం. వ్యాక్సిన్ దగ్గర వివక్ష చూపొద్దని, వీలైతే విడిగా మొబైల్ కేంద్రాలు పెట్టమని 2021లో కేంద్రమే రాష్ట్రాలకు లేఖ రాసింది. విడిగా అవసరం లేకపోతే ఆ లేఖ ఎందుకు రాస్తుంది?

ఆ 2021 జనవరిలోనే హైదరాబాద్ నారాయణగూడలో మిత్ర్ క్లినిక్ తెరిచారు. ట్రాన్స్ మనుషులే నడిపిన క్లినిక్ అది. అమెరికా సాయం ఆగిపోవడంతో 2025 జనవరిలో మూతపడింది, తర్వాత టాటా ట్రస్ట్స్ తోడ్పాటుతో సబ్‌రంగ్ పేరుతో మళ్లీ తెరుచుకుంది. విదేశీ నిధి ఆగితే తలుపు మూసుకునే స్థితిలో ఇలాంటి చోట్లను ఉంచకూడదు. రాష్ట్ర ప్రభుత్వాలు వీటికి తమ బడ్జెట్‌లో డబ్బు పెట్టాలి. విపత్తు సాయం జాబితా రాసేటప్పుడు కలెక్టర్లు జిల్లాలోని ట్రాన్స్ సంఘాలను పక్కన కూర్చోబెట్టుకుని, రేషన్ కార్డు అడగకుండా పేర్లు రాసుకోవాలి. ఆ పని ఇంకో జబ్బు వచ్చాక కాదు, ఇప్పుడే చెయ్యాలి.